పదివేల ఇళ్ళ తిండి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్ళకు, జనం ఏం తింటున్నారో తెలుసుకోవాలని ఢిల్లీ సర్కారుకు బుద్ధి పుట్టింది. మంచిదే. ఇన్నాళ్ళకైనా పుట్టింది. అడిగి రాసుకురావడానికి నంద్యాల నుంచి ఆనందరావు అనే సర్వే గుమాస్తాను పంపింది. అతను ఆళ్ళగడ్డ దాకా బస్సులో, అక్కడి నుంచి దొర్నిపాడు దాకా సైకిలు మీద వచ్చి, సంచిలోంచి అంకెల పుస్తకం తీసి, కళ్ళు మూసుకుని వేలు పెట్టాడు. ఆ వేలు పోయి పోయి కూలిపని చేసుకునే శాంతయ్య ఇంటి మీద పడింది.

శాంతయ్య భార్య జీవమ్మకు అతను ఓపికగా చెప్పాడు. అందర్నీ అడుగుతూ కూర్చుంటే తెల్లారుతుంది, అందుకని ఒక ఇంటినే అడుగుతాం, ఆ ఇల్లు తిన్నదే చుట్టుపక్కల పదివేల ఇళ్ళు తిన్నట్టు లెక్క. నెల రోజులు వారానికోసారి వస్తాను, తిన్నది తిన్నట్టు చెప్పండి. ఈ వైపు సర్కారు చౌకగింజల అంగడి పెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్నలు కొనబోతే కొరివిగా ఉన్నాయి. అంగడి మాట వినగానే జీవమ్మకు ప్రాణం లేచొచ్చింది. మా సంగటి కుండలోకి ఒక్కసారి తొంగి చూస్తే చాలు, రేపే పెడతారు అనుకుంది.

ఆ సంబరం పొద్దుగూకే దాకా కూడా నిలవలేదు. సంగతి ఊరి పెద్ద సుబ్బరాయుడి చెవిన పడింది. శాంతయ్య చేసేది ఆయన పొలంలోనే. ఇద్దర్నీ పిలిపించాడు.

"మీరు జొన్న సంగటి, మిరక్కాయ కారం అని రాయిస్తే తాలూకా అంతా అదే తింటాండాదనుకుంటారు గదరా ఢిల్లీలో. ఆ పదివేలల్లో నా యిల్లు గూడా ఉండాది. నా పరువేం గావాల?"

మర్నాడు పొద్దున్నే ఆయన మనిషి చెన్నకేశవులు సన్నబియ్యం, కందిపప్పు, నెయ్యి గిన్నె, ఒక కోడి తెచ్చి దించాడు. కడుపునిండా తినాలి, ఎవరు పెట్టారో సర్వే ఆయనకు చెబితే పని ఉండదు. ఇదీ షరతు. తింటున్నారో లేదో చూడడానికి చెన్నకేశవులు గడపలోనే కూర్చునేవాడు. అన్నానికి ముందు వాళ్ళు చేసుకునే ప్రార్థనలో యేసు పేరే తప్ప సుబ్బరాయుడి పేరు రాలేదని నొచ్చుకున్నాడు కూడా.

ఇక ఊరికి పని దొరికింది. తమ తరఫున తింటున్నారు కదా, తమ తిండి ఎట్లా సాగుతోందో చూసుకోవాలని జనం అన్నం వేళకు వాకిట్లో చేరేవారు. పొరుగింటి కొండమ్మ, పళ్ళు లేని ముసలిది, అన్నం ఇంకాస్త మెత్తగా వండమని పోరు పెట్టింది. గట్టిగా ఉంటే తను నమలలేదట. ఆళ్ళగడ్డలో అంగడి పెట్టుకున్న శేషయ్య కోడి సంగతి విని బండి కట్టించుకుని పరుగున వచ్చాడు. తరతరాలుగా నీచు ముట్టని వంశం మాది, మీరు కోడి తింటే సర్కారు లెక్కలో నేను తిన్నట్టే, పప్పుతో సరిపెట్టండి నాయనా అని శాంతయ్య చేతులు పట్టుకున్నాడు. శాంతయ్య మెతక మనిషి. సగం తిని, మిగతా సగం శేషయ్య పేరున వదిలేశాడు. ఆ సగం చెన్నకేశవులు తిన్నాడు.

జీవమ్మకు మాత్రం ఈ తిండి ఇటు తీపి, అటు చేదు. పిల్లలు నెయ్యి అంటిన మూతులతో నవ్వుతుంటే కడుపు నిండేది. వాకిట్లో నిలబడ్డ ఆకలి మొహాలు చూస్తే సిగ్గేసేది. తాము మింగే ప్రతి ముద్దా వాళ్ళకు రావలసిన అంగడిని మింగేస్తోందని ఆమెకు తెలుసు.

ఆఖరి వారం ఆనందరావు వచ్చేసరికి సుబ్బరాయుడు తానే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గుమాస్తా తాను రాసిందంతా ఒకసారి చదువుకుని మురిసిపోయాడు. కరువు కరువంటారు గానీ ఇంత చక్కగా తింటున్నారే, ఈ తాలూకాకు గింజల అంగడి అక్కర్లేదని రాస్తానన్నాడు. సుబ్బరాయుడు మీసం దువ్వుకున్నాడు. జీవమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"మేం తింటే పదివేల యిండ్లు తిన్నట్టే గదా సారూ?"

అంతేనన్నాడు ఆనందరావు.

"ఇదంతా ఈ అయ్య పెట్టిందే. మాకు పెట్టినాడంటే పదివేల యిండ్లకూ పెట్టినట్టే. అది గూడా రాసుకో. రేప్పొద్దున్నించి అందరూ ఆయనింటికాడికే పోతారు."

సర్కారు లెక్క ఊరికి అంత చప్పున అర్థం కావడం అదే మొదలు. వాకిట్లో ఉన్న కొండమ్మ అప్పుడే గిన్నె తెచ్చుకోవడానికి తన ఇంటికి పోయింది. సుబ్బరాయుడు మంచం దిగాడు. తానెవరికీ ఏమీ పెట్టలేదని, ఈ ఇంట్లో ఉడికేది సంగటేనని, తాలూకా అంతా సంగటేనని, కావాలంటే తన ఇంట్లో కూడా సంగటేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చెన్నకేశవులు చేత బియ్యం మూట, నెయ్యి గిన్నె తీయించుకుని, రేపట్నుంచి పనిలోకి రావద్దని శాంతయ్యతో చెప్పి మరీ వెళ్ళిపోయాడు.

ఆనందరావు ఉసూరుమంటూ రాసిందంతా కొట్టేసి, సంగటి, కారం అని రాసుకున్నాడు. అంగడి కావాలని పైకి రాస్తానన్నాడు. జీవమ్మ గుండె కుదుటపడింది. లోపల పిల్లలు మాత్రం పోయిన గిన్నె కోసం వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. అది వినలేక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది గూడా రాసుకో సారూ," అంది. "పదివేల యిండ్లల్లో పిల్లోళ్ళు నెయ్యి కోసం ఏడుస్తాండారని."

ఆనందరావు కలం తీసి, కాగితం ముందూ వెనకా తిప్పి చూశాడు. ఏడుపుకు గడి లేదు.