మేకు దాకా నీళ్ళు

డెల్మర్ గుంత పక్కన బోర్లా పడుకుని టేపు లోపలికి వదిలాడు. మోకాళ్ళకు ఎర్ర బంకమన్ను అంటుకుంది, చొక్కా ముందంతా మంచుకు తడిసింది. ఈ మిజోరీ కొండల్లో ఇల్లు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోళ్ళగూడులా కట్టుకున్నా కౌంటీ నోరెత్తదు. మురుగునీరు ఇంకే గుంతకు మాత్రం కౌంటీ తరఫున డెల్మర్ సరే అనాలి. అందుకే పెళ్ళయినా చావయినా, జనం అతణ్ణి చూడగానే మాట మార్చేస్తారు. పిలిచి కాఫీ పోసేది హాలిస్ ఒక్కడే.

ఆ హాలిస్ గుంతే ఇది. ముసలాయన ట్రైలరు ముందు మడతకుర్చీలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్నాడు. గొట్టం అవతల మిషను, దాన్ని నడిపేది మొరాయించే పాత జనరేటరు. ఈ గుంతకు సెప్టిక్ పర్మిట్ లేనిదే కరెంటు తీగ రాదు. చలికాలం వచ్చేస్తోంది.

నిన్న సాయంత్రం డెల్మర్ గుంత గోడకు మేకు కొట్టి, మేకు దాకా నీళ్ళు పోసి వెళ్ళాడు. తెల్లారేసరికి నీళ్ళు ఇంకితేనే గుంత పాసయినట్టు. ఇవాళ జానెడు దిగి ఉన్నాయి. బంకమన్ను ఎక్కడైనా అంత నీళ్ళు తాగుతుందా? గట్టు ఒకవైపే చిత్తడిగా ఉంది. కుర్చీ కింద కాఫీ డబ్బా, దాని అంచుకు ఎర్ర మట్టి.

"ఏం హాలిస్, రాత్రి నీళ్ళెవరు తోడారు?"

"జింకలు తాగుంటాయిలేవయ్యా. ఈ ఏడు వాటికి దాహమెక్కువ."

"కాఫీ డబ్బాతోనా?"

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. "సంతకం పెట్టెయ్యరాదూ! ఒంటి పిట్టని, నావల్ల నిండేదెంత? ఈ ఒక్క చలికాలం గడవనీ."

డెల్మర్‌కు పెట్టెయ్యాలనే ఉంది. కాని దిగువన లూయెలా అనే ఆమె కాపురముంటోంది, ఆమె పిల్లలు తాగేది ఈ కొండ ఊట నీళ్ళే; ఇక్కడ ఇంకని మురుగు చేరేది అందులోకే.

"కింద లూయెలా పిల్లలున్నారు కదా, హాలిస్."

హాలిస్ తల దించుకున్నాడు. కాఫీ తాగుతావా అని కూడా అడగలేదు.

దారి పొడుగునా డెల్మర్‌కు మనసు మనసులో లేదు. తిండి మానేసి ఆఫీసులో పై అధికారి వెంటపడ్డాడు. చుక్క కారని ట్యాంకు పాతి, నిండినప్పుడల్లా బండితో తోడించేట్టు, ఈ చలికాలం వరకు ఒప్పించాడు. తోడించే పూచీ తనదేనన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరికోసమూ అంతగా బతిమాలలేదు.

"కాఫీ పెట్టవోయ్ హాలిస్! కరెంటొస్తోంది!" ఆ సాయంత్రం ట్రైలరు దగ్గర బండి దిగకముందే కేకేశాడు.

జనరేటరు మోగుతూనే ఉంది. ముసలాయన కుర్చీలోనే ఉన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించుకుని, బురద మోకాళ్ళతో. గొట్టం గుంత దాకా అందదు. ముసలాయనే తీసి కుర్చీ చేతికి తగిలించాడు, అది అక్కడే బుసకొడుతోంది. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డెల్మర్ టోపీ తీసి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని చూశాడు. వాన నీళ్ళ పీపా నుంచి గుంత దాకా గడ్డి మీద తడి జాడ. గుంతలో నీళ్ళు మళ్ళీ మేకు దాకా ఉన్నాయి. గట్టు మీద కాఫీ డబ్బా, మట్టి పోయేలా కడిగి, బోర్లించి ఉంది.