రెండో పీట

రేపల్లెలో శేషారత్నం వడ్డన అంటే ఎంతటి తిండిపోతులకైనా దడే. ఆవిడ ఇంట్లో "చాలు" అన్న మాట చెల్లదు. అలాంటి ఇల్లాలి మొగుడికి, రైస్ మిల్లు గుమాస్తా బసవపున్నయ్యకి, కడుపులో క్యాన్సరు వచ్చిపడింది. తెనాలి ఆసుపత్రిలో ఆపరేషను చేసి పొట్టసంచిలో ముప్పాతిక వంతు తీసేశారు.

కుట్లు మానాయి. ఇంటికెళ్ళేప్పుడు నర్సు జ్ఞానమ్మ గుమ్మం దాకా వచ్చి, "కొంచెం కొంచెంగా పెట్టండి పిన్నిగారూ" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. శేషారత్నం బుద్ధిగా తల ఊపింది. ఊపిందే గానీ, ఆవిడ "కొంచెం" వేరు, లోకం "కొంచెం" వేరు. రైలు దిగిన పూటే ముద్దపప్పు, చేతికి అంటేంత నెయ్యి, గడ్డపెరుగు, పైన బెల్లం పరమాన్నం. పాపం, పెళ్ళాం మనసు కష్టపెట్టలేక ఆయన అంతా తిన్నాడు.

కంచం ముందునుంచి లేవకముందే ఒళ్ళంతా చెమటలు, గుండె దడ. కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయాడు. కాసేపటికి తేరుకున్నాడు గానీ ధైర్యం మాత్రం పోయింది. "అది మళ్ళీ వచ్చింది రత్నం. నా దగ్గర దాస్తున్నారు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తే పెదాలు బిగించేసేవాడు. బతిమాలింది, తిట్టింది, ఒట్లు పెట్టింది. ఉహూఁ! మనిషి పుల్లైపోయాడు. ఈయన నాకు దక్కడేమోనని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది.

మళ్ళీ తెనాలి. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, రోగం తిరగబెట్టలేదని చెప్పి సెలైను పెట్టించారు. ఆయన నమ్మితేగా! జ్ఞానమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "ఇంటికెళ్ళిన రోజు ఏం తిన్నారు బాబాయిగారూ?" అంది. శేషారత్నమే గర్వంగా ఒక్కోటీ చెప్పుకొచ్చింది. జ్ఞానమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో రామ! బాబాయిగారికి మిగిలింది పిడికెడు సంచి. అంత తిండీ, అంత తీపీ ఒక్కసారిగా పేగుల్లోకి జారితే చెమటలు పట్టవూ? అది రోగం కాదు పిన్నిగారూ, మీ వడ్డన!"

శేషారత్నం వరండాలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా చేత్తో నేనే పడగొట్టుకున్నానే ఈయన్ని అనుకుంది. ప్రేమంటే ఇంకో గరిటె వెయ్యడమే అనుకుని బతికిన మనిషాయె, ఇప్పుడేం చెయ్యాలో తోచలేదు.

జ్ఞానమ్మ వెనకే వచ్చింది. "ఏడుద్దురుగానీ, అసలు మీరు అన్నం తిని ఎన్నాళ్ళయింది?"

"ఆయన తినకుండా నేనెలా తింటానమ్మా? ఆయన తిని లేచాకే గదా నేను కూర్చునేది. కాపరానికొచ్చిన నాటినుంచీ అంతే."

"అంటే ఆయన పస్తుంటే మీకూ పస్తే!" జ్ఞానమ్మకి ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. రెండు పళ్ళేల్లో తలో ఇడ్లీ పెట్టింది. "కూర్చోండి, ఆయన ఎదురుగానే. ఇద్దరూ నెమ్మదిగా నమలండి. మంచినీళ్ళు తర్వాత."

మొగుడి ఎదుట, మొగుడి కంటే ముందు తినడమా! శేషారత్నం సిగ్గుతో చచ్చిపోయింది. తల వంచుకుని ముక్క తుంపింది. నీరసానికి ముక్క చేతిలోంచి జారి చీరమీద పడితే, గబుక్కున ఏరుకుని నోట్లో వేసుకుంది. బసవపున్నయ్య చూశాడు. ఆవిడ మెడ ఎముకలు తేలిపోయి ఉన్నాయి. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది.

"ఏమే, నువ్వూ తినడం మానేశావా?"

"మీరు తింటేగా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా భయం నాదే అనుకున్నాను. నిన్నూ చంపుతున్నానని తెలియలేదే" అన్నాడు. ఇడ్లీ తుంపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలి నమిలి మింగి, చెమట పడుతోందేమోనని నుదురు తడుముకున్నాడు. పట్టలేదు. ఇంకో ముక్క తుంపాడు.

ఇంటికొచ్చాకా అదే పద్ధతి. రోజుకి ఐదారుసార్లు, పక్కపక్కన రెండు పీటలు, రెండు చిన్న కంచాలు. ఒక్కోరోజు సయించక కక్కుకునేవాడు. "ఎందుకే ఈ బతుకు" అని విసుక్కునేవాడు. అయినా మర్నాడు వచ్చి కూర్చునేవాడు. మెల్లిగా మొహంలో కళ తిరిగింది. రిక్షా ఎక్కి మిల్లుకెళ్ళి ఓ పూట కూర్చుని వస్తున్నాడు.

అప్పుడు ఆయన అక్క కనకదుర్గ బాపట్ల నుంచి చూడ్డానికొచ్చింది. తమ్ముడి పక్కన పీటేసుకుని తింటున్న మరదల్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం చోద్యమే తల్లీ! మగాడు లేవకుండానే కంచం ముందేసుకున్నావు?"

శేషారత్నం తినే ముద్ద వదిలేసి, చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజమే, ఇంకా ఎందుకు కూర్చోవడం అనుకుంది. నర్సమ్మ రాసిచ్చిన మందులాంటిదే గదా ఇది, ఒళ్ళు బాగయ్యాక ఆపెయ్యాల్సిందే.

"నువ్వు తినరా తమ్ముడూ" అంటోంది కనకదుర్గ.

"ఉండక్కా" అన్నాడు బసవపున్నయ్య. వంటింటివైపు తిరిగి కేకేశాడు. "రత్నం! అన్నానికి రా. నువ్వు పక్కన లేకపోతే నాకు ముద్ద దిగదు."

ఇన్నేళ్ళ కాపరంలో ఆయన అన్నానికి రమ్మని పిలవడం అదే మొదలు. శేషారత్నం కళ్ళు తుడుచుకుని వచ్చి, ఆడపడుచు చూస్తుండగానే ఆయన పక్కన కూర్చుంది.