నంబరు చెప్తే చాలు

ఆమె పెట్టె సర్దుకుంటుంటే ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఇంకో జత పెట్టుకో, ఫొటోలు దిగుతారుగా" అన్నాడు.

ఆమె చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె పెట్టె సర్దుకుంటుంటే ఆయన నిలబడి చూసింది రెండేసార్లు, ఆ రెండుసార్లూ పురిటికి వెళ్ళేటప్పుడే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అలాంటిది, ఆమె నోరు తెరిచి అడగకుండానే ఆయన రైలు టికెట్లు తీశాడు, హోటల్లో గది తీశాడు, "యాభై ఏళ్ళు ఒక్కసారే నిండుతాయి, నీ స్నేహితురాళ్ళతో వెళ్ళి రెండు రోజులు సరదాగా తిరిగిరా" అన్నాడు. సంతోషించాల్సిన మాటే. నిజానికి సంతోషించింది కూడా. అయినా ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు. మొగుడు మంచిగా మాట్లాడితే అనుమానపడే ఆడదాన్ని ఏమనాలో అని తనను తానే తిట్టుకుని పెట్టె మూత వేసింది.

ఆమె నర్సు. ఇరవై మూడేళ్ళుగా ఒకే ఆసుపత్రి. వచ్చే ఒకటో తారీకు నుంచి కొత్త ఐసీయూకి ఆమే ఇన్‌ఛార్జి. పన్నెండు మంచాలు, పదిహేనుమంది నర్సులు, తలుపు పక్కన ఆమె పేరుతో బోర్డు. బోర్డులో అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయని మళ్ళీ రాయించింది కూడా. ఆ కబురు ఇంట్లో చెప్పిన రోజు ఆయన టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా, "అంటే ఇంకా ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నాడు. ఆమెకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. పెళ్ళయిన మూడేళ్ళకు ఈ ఉద్యోగంలో చేరినప్పుడూ అదే అన్నాడు.

రెండు నెలల కిందట అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆవిడ చిన్నకొడుకు ఇంట్లో ఉంటుంది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట కూడా పోయింది. అందరూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఆడపడుచు, "ఇంట్లో నర్సును పెట్టుకుని బయటి మనిషి కోసం వెతికితే నలుగురూ నవ్వరూ?" అంది. నర్సు అనే మాట ఆ ఇంట్లో అంత గౌరవంగా వినపడటం అదే మొదటిసారి. ఆమె నెమ్మదిగానే చెప్పింది, రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకుంటానని, పగటికి ఒక మనిషిని పెట్టుకుందామని, ఉద్యోగం మాత్రం మాననని. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. కాఫీ గ్లాసులు ఆమే లోపలికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఇంకెవరూ ఆ ఊసే ఎత్తలేదు. గొడవ తీరిపోయిందనుకుంది పిచ్చిది. ఆ ఇంట్లో మాట ఆగిందంటే పని మొదలైందని ఆమెకు తెలిసి ఉండాల్సింది.

రైల్లో స్నేహితురాళ్ళిద్దరూ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. ముగ్గురూ నర్సింగు ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఒకామెను పొట్టిది అని పిలుస్తారు. బ్లడ్ బ్యాంకులో పనిచేస్తుంది, మనవడు పుట్టినా ఆ పేరు పోలేదు. రెండో ఆమెను టీచరమ్మ అంటారు, ఆమె ఏనాడూ టీచరు కాదు, అందరికీ పాఠాలు చెప్తుందంతే. "మీ ఆయన పంపించాడా, లేక గోడ దూకొచ్చావా?" అని పొట్టిది అడిగింది. ఆయనే టికెట్లు తీశాడని చెబితే ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీచరమ్మ ఏదో అనబోయి, పుట్టినరోజు పూట ఎందుకులే అన్నట్టు కిటికీ వైపు తిరిగింది.

మధ్యాహ్నం హోటలు గదిలో కేకు పెట్టి, చాకు చేతికిచ్చి, పొట్టిది ఫోను పట్టుకుని వీడియోకి సిద్ధంగా నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను చేశాడు. "మెసేజ్ వచ్చింది చూడు, నంబరు చెప్పు." ఆమె చాకు పక్కన పెట్టకుండానే ఆరంకెలూ చదివేసింది. ఆయన పెట్టేశాడు. పుట్టినరోజు మాట ఎత్తలేదు.

వాళ్ళింట్లో అది అలవాటు. ఫోన్లలో నింపే ఫారాలన్నీ ఆయనవి, కరెంటు బిల్లు నుంచి ఆమె ఆసుపత్రి సెలవుల దాకా. నంబరు మాత్రం ఆమె ఫోనుకి వస్తుంది. మొదట్లో ఆమె మెసేజ్ మొత్తం చదవబోతే ఆయన విసుక్కునేవాడు. "కథ చదవకు, టైమైపోతుంది, నంబరు చెప్తే చాలు." అలా నంబరు చెప్పడం నేర్చుకుంది. ఒక చేత్తో సెలైను బాటిలు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని చెప్పింది. కూర తాలింపులో ఉండగా చెప్పింది. వార్డులో ఇంజెక్షను బుడ్డి మీద పేరు మూడుసార్లు చదవందే సిరంజి ఎత్తని మనిషి, చదవని కొత్త నర్సుల చెవులు మెలిపెట్టే మనిషి, తన ఫోనుకి వచ్చిన మెసేజ్ ఏళ్ళ తరబడి చదవలేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ కొత్త ఊరి వీధుల్లో కాళ్ళు నొప్పిపుట్టేదాకా తిరిగారు. ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ పదమనలేదు. ఆమె కళ్ళద్దాలకి ఎర్ర ఫ్రేము కొనుక్కుంది. నవ్వుతూనే ఉంది కానీ, మధ్యమధ్యలో ఏదో మరిచిపోయినట్టు సంచి తడుముకుంటూనే ఉంది. తాళాలున్నాయి, ఫోనుంది, మందులున్నాయి. ఏం మరిచిపోయిందో అంతుచిక్కలేదు.

ఆదివారం పొద్దున్న టిఫిన్ తింటుండగా ఆమె వార్డులో చిన్న నర్సు నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త ఐసీయూ జాబితాలో మేడమ్ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టారట, మేడమ్ వెళ్ళిపోతున్నారట, తమకు ఒక్క మాటైనా చెప్పలేదేమని అడిగింది. పొరపాటు పడి ఉంటుందిలే అనుకుని బదులు రాయబోతుంటే తోడికోడలు ఫోను చేసింది. గొంతులో పదేళ్ళ బరువు దిగిపోయినట్టుంది.

"నీ రుణం తీర్చుకోలేనక్కా. నిన్న సాయంత్రమే అత్తయ్యను మీ ఇంట్లో దింపేశాం. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని బావగారు చెప్పగానే నాకు ఏడుపొచ్చేసింది. ఈ రెండు రోజులు హాయిగా తిరుగక్కా, తర్వాత నీకు తీరిక ఎక్కడిది?"

ఏం బదులు చెప్పిందో, ఫోను ఎలా పెట్టేసిందో తెలియదు. టిఫిన్ బల్ల మీదే మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి నిన్నటిది తెరిచింది. నంబరుకు ముందు రెండు వాక్యాలున్నాయి. మూడుసార్లు చదివింది. అది ఆసుపత్రి పంపిన మెసేజ్, ఆమె రాజీనామా దరఖాస్తు సమర్పించడానికి. అంటే చాకు చేతిలో పట్టుకుని, కేకు ముందు నిలబడి, తన ఇరవై మూడేళ్ళని తనే అంకె తర్వాత అంకె చదివి అప్పజెప్పింది. చాప కింద నీరులా ఎన్నాళ్ళుగా నడిచిందో ఈ పని. టికెట్లు, గది, ఇంకో జత పెట్టుకో అన్న ఆ మాట, అన్నీ ఒకటి తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. ఊళ్ళో ఉంటే ఆసుపత్రిలో ఎవరో ఒకరు పిలిచి అడిగేవారు. అత్తగారిని ఇంట్లోకి తెచ్చేటప్పుడు ఆమె తలుపు దగ్గరే ఉండేది. అందుకే ఉండనివ్వలేదు.

పొట్టిది ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని చదివింది, టీచరమ్మకు అందించింది. జీవితంలో మొదటిసారి టీచరమ్మ ఏ పాఠమూ చెప్పలేదు. ముగ్గురూ గదిలోకి వచ్చేసరికి రెండో మెసేజ్ వచ్చింది, వెంటనే ఆయన ఫోను.

"మెసేజ్ వచ్చిందిగా? నంబరు చెప్పు."

"వచ్చిందండీ. నంబరుకు ముందు ఏదో రాసుంది, చదువుతాను వినండి." ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. "మీ రాజీనామాను ఖరారు చేయడానికి ఈ నంబరు వాడండి. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు. సాయంత్రం ఐదులోగా ఖరారు చేయకపోతే దరఖాస్తు రద్దవుతుంది."

ఆయన మెత్తగా మొదలుపెట్టాడు. అంతా ఆమె మంచికేనట, యాభై దాటాక ఇంకా ఎన్నాళ్ళు నిలబడి చాకిరీ చేస్తుందట, ఇంటికి వచ్చాక నిదానంగా చెబుదామనుకున్నాడట. నంబరు ఇంకా రాకపోయేసరికి ఆ మెత్తదనం పోయింది.

"నువ్వు నంబరు చెప్పకపోతే అమ్మ గతేంటో ఆలోచించుకో. ఆవిడకేమైనా అయితే ఆ పాపం నీదే."

ఆయన మాట వెనక ఇంకో గొంతు వినపడుతోంది. ఒకే తీరుగా, ఆగి ఆగి, సన్నటి మూలుగు. దాహానికి మూలిగేది వేరు, నొప్పికి మూలిగేది వేరు, కదల్లేక ఒకే చోట పడి ఉన్న మనిషి మూలుగు వేరు. అది ఆమెకు నిద్రలో వినిపించినా తెలుస్తుంది.

"అత్తయ్యను ఆఖరుసారి ఎప్పుడు తిప్పారు?"

"తిప్పడమేంటి? నిన్న తెచ్చి పడుకోబెట్టాం. అలాగే పడుకుని ఉంది."

ఆమె లేచి నిలబడింది. చెయ్యి దానంతటదే పెట్టె మీదకు వెళ్ళింది. రైలు ఇంకో గంటలో ఉంది, సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఆ ముసలావిడ తనను పల్లెత్తు మాట అన్న మనిషి కాదు, ఇద్దరు పిల్లల పురిటికీ వెంట వచ్చి వేణ్ణీళ్ళు కాచి పోసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు వెళితే ఆ మంచం పక్క నుంచి తను మళ్ళీ లేవదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. నంబరు చెప్పినా చెప్పకపోయినా ఈ మూలుగు తనను లాక్కొస్తుందనే ధైర్యంతోనే ఫోను అక్కడ పట్టుకుని మాట్లాడుతున్నాడు. పెట్టె మీది చెయ్యి వెనక్కి తీసుకుని మంచం మీద కూర్చుంది. వార్డులో డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి నర్సుకు పేషెంటును అప్పజెప్పే గొంతు తెచ్చుకుంది.

"కాగితం, పెన్ను తీసుకోండి. పేషెంటుకు డెబ్భై ఎనిమిది, కుడి పక్క పనిచేయదు. రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి, పగలూ రాత్రీ. తిప్పినప్పుడల్లా వీపు, తుంటి, మడమలు చూడాలి, ఎర్రబడి ఉంటే ఆ పక్కన పడుకోబెట్టకూడదు. తల ఎత్తిపెట్టి చెంచాతో కొంచెం కొంచెం తాగించాలి. బట్ట తడిస్తే వెంటనే మార్చాలి. రాశారా?"

"నాకివన్నీ ఎలా వస్తాయే? మగాణ్ణి."

"నాకూ పుట్టుకతో రాలేదండీ, నేర్పితే వచ్చాయి. రేపు పొద్దున ఆరింటికి నాకు డ్యూటీ. రాత్రి రైలుకే వస్తాను, స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్ళి, డ్యూటీ దిగాక ఇంటికొస్తాను. అప్పటిదాకా ఆవిడ మీ పేషెంటు."

మూలుగు ఈసారి ఇంకాస్త గట్టిగా వినిపించింది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఫోను స్పీకరులో పెట్టి దిండు పక్కన పెట్టండి. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద. మెల్లగా ఎడమ పక్కకి తిప్పండి. అయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను."