మరిచిపోయినోని మొహం

పరమేష్ బర్రె బొమ్మ వేస్తే దూడ వచ్చి పాలకోసం గోడను కుమ్ముతుందని నకిరేకల్‌లో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది పరమేషే అనుకోండి, అయినా మాట మాటే. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ల నోట్లో మట్టి కొట్టాక అతనికి దిక్కయినవి బడి గోడలు. తెలంగాణ వచ్చాక సర్కారు బడులకు ఒక్కొక్కదానికే కొత్త రంగులు పడుతున్నాయి. ఆ ఏడు కేతేపల్లి దగ్గర సొంత అత్తగారి ఊళ్లోనే పని తగిలింది. పెళ్లాం మల్లీశ్వరిని వెంటబెట్టుకొని, రంగుల డబ్బాలు బండికి కట్టుకొని వచ్చి అత్తారింట్లో దిగాడు. పనికి పని, కోడికూరకు కోడికూర.

హెడ్మాస్టరు దామోదర్ సారుకు సామెతలంటే ప్రాణం. గేటు పక్క గోడ నిండా సామెతల బొమ్మలే ఉండాలన్నాడు.

"పిల్లలు ముందుగాల నవ్వాలె పరమేష్. నవ్వినంక కింద ఏం రాసున్నదో వాళ్లే చదువుకుంటరు."

ఆడలేక మద్దెల ఓడన్నదాన్ని వేశాడు. కుక్కతోకను వేశాడు. 'సంకల పిల్లనుంచుకొని ఊరంతా దేవులాడినట్టు' దగ్గర బండి ఆగిపోయింది. ఊరు గొర్లకాపరుల ఊరు కాబట్టి చంకలో గొర్రెపిల్లను పెడదామని ఇద్దరూ అనుకున్నారు. గొర్రెపిల్ల ముద్దుగా కుదిరింది. మనిషే కుదరలేదు. మతిమరుపును ఎట్లా గీస్తారు? ఏనుగంటే తొండం పెడితే ఏనుగే. మరిచిపోవడానికి తొండమేది?

మొదట మనిషి నెత్తి గోక్కుంటున్నట్టు వేశాడు. సారు చూసి, "పేన్లు పడ్డట్టున్నది" అన్నాడు. సున్నం కొట్టేసి, చెంపకు చెయ్యి ఆనించి ఆలోచిస్తున్నట్టు వేశాడు. "పంటి దవాఖాన బోర్డుకైతే పనికొస్తది" అన్నాడు సారు. కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిపించి వేస్తే, "దయ్యాన్ని చూసినోని లెక్కున్నడు, పిల్లలు బడికి రారు" అన్నాడు. మళ్లీ సున్నం. మనిషి లేకుండా గోడ మధ్యలో వేలాడుతున్న గొర్రెపిల్లను చూసి దారినపోయేవాళ్లు గదేం సామెతని అడగడం మొదలుపెట్టారు. పరమేష్‌కు తల కొట్టేసినట్టయింది.

ఇక ఇంట్లో మామ ఐలేశం సంగతి చెప్పాలి. మందకు పెద్ద, కులానికి పెద్ద, కోపానికి ఇంకా పెద్ద. ఆయనకు మతిమరుపని ఊరందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు. గడ్డికని పోయి చాయి తాగి ఉత్తచేతులతో వచ్చేవాడు. వచ్చి, గడ్డి ఏదని భార్య గుర్వమ్మనే అడిగేవాడు. ఎవరైనా నోరుజారి 'యాదిమరుపు' అన్నారా, వాళ్లతో మాటలు బంద్. కొన్నాళ్లకు మాటలెందుకు బంద్ చేశాడో మరిచిపోయి తనే పలకరించేవాడు. అందుకే ఆయనకు ఊళ్లో పగవాళ్లంటూ మిగల్లేదు.

ఆ పొద్దున గొర్లకు బొచ్చు కత్తిరించే పని. ఐలేశం పెద్ద కత్తెర కోసం ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు. అటక మీది గోనెలు కిందికొచ్చాయి. కోళ్లగంప తిరగబడింది. కత్తెర ఆయన నడుముకే, వెనక ధోతి ముడిలో దోపి ఉంది. వంగినప్పుడల్లా అది లేచి ఆకాశాన్ని చూస్తోంది.

"హనుమంతు తీస్కపోయిండు," అన్నాడు చివరికి. "మొన్న నేనే ఇచ్చిన. నాకు మంచిగ యాదికున్నది."

"నీకు యాదికుంటె ఇగ అయినట్టే," అన్నది గుర్వమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "జర నడుం తడుముకో."

ఆయన వింటేగా! పక్కింటి హనుమంతు మీదికి పంచాయితీకి బయల్దేరాడు. వెనక కత్తెర ఊగుతోంది. వాకిట్లో చాయి తాగుతున్న పరమేష్ ఆ మొహం చూశాడు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

ఆ మొహంలో అనుమానం ఆవగింజంత లేదు. గదుమ పైకెత్తి, కనుబొమలు బిగించి, కోర్టులో సాక్ష్యం చెప్పబోయేవాడిలా నడుస్తున్నాడు. నెత్తి గోక్కునేవాడు అసలు మరిచిపోయినవాడే కాదు, వాడికి ఇంకా సగం గుర్తుంది. మరిచిపోయిన సంగతి కూడా మరిచినవాడి మొహం ఇట్లా ఉంటుంది! పరమేష్ చాయి గట్టుమీద పెట్టి బడికి పరుగు తీశాడు.

కుంచె ఆగకుండా నడిచింది. పక్కనుంచి కనబడే మొహం, పైకెత్తిన గదుమ, ఒక పక్కకు వాలిన మీసం, భుజాన గొంగడి, పెద్ద అంగ. చంకలోని గొర్రెపిల్ల తల పైకెత్తి పాపం అన్నట్టు ఆ మొహంలోకి చూస్తోంది. దామోదర్ సారు వచ్చి కడుపు పట్టుకొని నవ్వాడు. పిల్లలు నవ్వి, తరవాత నిజంగానే కింద రాసింది చదివారు.

మధ్యాహ్నం మల్లీశ్వరి బువ్వ తెచ్చింది. గోడ చూసింది. సద్దిగిన్నె కింద పెట్టింది.

"గిదేంది? మా నాయిన గోడ మీద ఎందుకున్నడు?"

పరమేష్ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఆ చూపును పట్టుకోవాలన్న ధ్యాసలో మొహం మార్చాలన్న సంగతే మరిచాడు. మీసంతో సహా మామ మామలాగే దిగిపోయాడు.

"మల్లీ, కావాలని చెయ్యలే. ఒట్టు."

"మా ఇంట్ల తిని మా నాయిననే నవ్వులపాలు చేస్తవా? రేపు పొద్దుగాల వరకు గీ మొహం ఉండొద్దు. ఉన్నదనుకో, నకిరేకల్‌కు నువ్వొక్కనివే పో. నేను మా అమ్మ కాడ్నే ఉంట."

మల్లీశ్వరి అన్నదంటే అన్నదే. అది తండ్రి పోలిక. మతిమరుపు మాత్రం రాలేదు, అదీ పరమేష్ ఖర్మ. సారును అడిగితే, "మొహం మార్చుకో, ఆ చూపు మాత్రం పోవొద్దు" అన్నాడు. మొహం తీస్తే చూపెక్కడుంటుంది? పైగా ఎవరి మొహం పెట్టినా వాళ్లూ ఎవరికో నాయినే. సంగతి అప్పటికే చాయి హోటలు దాకా పోయింది. సాయంత్రం హనుమంతు పనిగట్టుకొని వచ్చి, "నీకు దండం పెడ్త పరమేష్, నా మొహం మాత్రం ఎయ్యకు" అని చెప్పిపోయాడు.

తెల్లారింది. పరమేష్ సున్నం బకెట్‌తో గోడ దగ్గరికి వచ్చాడు. మల్లీశ్వరి కాపలా వచ్చింది, ఆమె వెనక గుర్వమ్మ. మనసు ఒప్పక పరమేష్ కుంచెను బకెట్‌లో ముంచుతూ తీస్తూ తాత్సారం చేశాడు. జన్మలో ఒక్కసారి కుదిరిన బొమ్మ. అది ఉంటే పెళ్లాం ఉండదు, పెళ్లాం ఉండాలంటే అది ఉండదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో మలుపు దగ్గర కట్టె చప్పుడు. ఐలేశం వస్తున్నాడు. ఎవడో చెవిలో వేసే ఉంటాడు. గేటు దగ్గరి పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. పరమేష్ బకెట్ వెనక దాక్కోవాలనుకున్నాడు గాని బకెట్ చిన్నది.

ఐలేశం బొమ్మ ముందు నిలబడ్డాడు. చూశాడు. దగ్గరికిపోయి చూశాడు. తరవాత చెప్పులు విడిచాడు.

"అల్లుడా, గీయనను నువ్వెన్నడు చూసినవ్?"

"ఎవలను మామా?"

"మా నాయినను."

తన మొహాన్ని మనిషి పక్కనుంచి ఎప్పుడు చూసుకుంటాడు గనక? అద్దం ముందు కూర్చున్నా ఐలేశం మంగలి చేతిలో నిద్రపోయే రకం.

"ఒక్క ఫోటువ లేదురా," అన్నాడు ఐలేశం. "మొహం మర్సిపోతనేమో అని శాన భయపడ్డ. మర్సిపోయిన గూడ. పండుకున్నప్పుడు యాది చేస్కుంట. మీసమొస్తె కండ్లు రావు. కండ్లొస్తె గదుమ రాదు. కన్నతండ్రి మొహం యాదికి లేదని ఎవలకు చెప్పుకుంట?" ఆయన అరచేత్తో గోడ మీది చెంపను తడిమాడు. పచ్చి రంగు చేతికంటింది. "గిట్లనే నడుస్తుండె. గిట్లనే పిల్లను సంకలేసుకొని దేవులాడుతుండె పిచ్చి ముసలోడు. నాకైతే ఆ యాదిమరుపు రాలే."

పరమేష్ నోరు తెరవబోయాడు. మల్లీశ్వరి అతని కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. తండ్రికి కోపం వెనక ఇంత దిగులుందని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. కళ్లు తుడుచుకొని సున్నం బకెట్‌ను తనే దూరంగా జరిపింది.

ఐలేశం గుర్వమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. మా నాయిననే గదా?"

గుర్వమ్మ గోడ మీది మనిషిని చూసింది, గోడ ముందు మనిషిని చూసింది.

"అచ్చం మామనే," అన్నది.

ఆ రోజు నుంచి ఐలేశం మందను బడి ముందు నుంచే తోలుకుపోతున్నాడు. బొమ్మను చూసి పిల్లలు నవ్వితే తనూ నవ్వుతున్నాడు. ఊరు ఊరంతా ఒక్కమాట మీద నిలబడి, తాత మంచిగ కుదిరిండంటోంది. పంచాయితీ ఎలక్షన్లలో కూడా ఆ ఊరికి అంత ఐకమత్యం కుదరలేదు.

పని ముగిసి నకిరేకల్ పోయే రోజు పరమేష్ బండికి డబ్బాలు కడుతున్నాడు. గుర్వమ్మ సద్ది మూట తెచ్చి ఇచ్చింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాడు.

"అత్తా, తాత నిజంగ గట్లనే ఉంటుండెనా?"

"మా మామనా? గుండ్రం మొహం. మీసం ఎన్నడూ ఉంచలే. ఈయనది అంతా తల్లి పోలిక."

"మరి గట్లెందుకన్నవ్?"

గుర్వమ్మ వాకిట్లోకి చూసింది. ఐలేశం మందను అదిలిస్తూ బడి దారి పట్టాడు.

"ఇన్నేండ్లకు నాయిన దొరికిండు బిడ్డా. మల్ల నేను పోగొట్టాల్నా?"