చోడవరం తాలూకాలో నిల్

ఆడపిల్లల్ని అమ్మడం, కొనడం, ఊళ్లు దాటించడం ఇకనించి కూడదని న్యూయార్కులో పెద్ద పెద్ద దొరలు కూచుని ఒప్పందం రాసుకున్నారు. మంచి పనే, ఎవరు కాదంటారు? మన దేశమూ సంతకం పెట్టింది. పెట్టేక ఊరుకుంటారా, మీ దగ్గర ఎంతమంది ఇలా పోయేరో చెప్పండన్నారు. ఆ ప్రశ్న ఢిల్లీ వచ్చి, అక్కడ ఏడాది పడుకుని లేచి, కొత్త రాజధాని కర్నూల్లో గుడారాల కింద నాలుగు నెల్లు ఎండి, విశాఖపట్నం కలెక్టరాఫీసులో దుమ్ము దులుపుకుని, ఆఖరికి యాభైనాలుగు నవంబరులో చోడవరం తాలూకాఫీసులో గుమాస్తా గణపతిరావు బల్లమీద పడింది. ముప్ఫైరెండు గళ్ల ఫారం.

గణపతిరావు మంచివాడే. ఒకరి జోలికి పోడు, ఒకరి సొమ్ము ముట్టడు. కాని కాగితం లేకపోతే ఆయన కంటికి మనిషి ఆనడు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు చేతిలోకే చూస్తాడు. అర్జీ ఉంటే తలెత్తి "ఏటమ్మా?" అంటాడు, లేకపోతే వెనకాల గోడకేసి చూస్తాడు. ఇరవై ఏళ్ల సర్వీసు అలా గడిచింది. ఆఫీసులో అందరూ అంతే అనుకోండి, ఈయన మరికాస్త నిష్ఠగా అంతే.

ఫారం పట్టుకుని తహశీల్దారు సత్యారావు గారి దగ్గరికి వెళ్లేడు.

"ఇందులో ఏం రాయమంటారు సార్?"

"నిల్ అని రాయవయ్యా."

"విచారించకుండానే?"

"విచారిస్తే ఒకటని తేలిందనుకో, అప్పుడు రెండో ఫారం నింపాలి. దానికి అరవైనాలుగు గళ్లు. పైగా నీ తాలూకాలోనే ఎందుకుందని సంజాయిషీ అడుగుతారు. పక్క తాలూకాల వాళ్లంతా నిల్ రాసి పంపేసేరు. ప్రపంచం ముందు మనమొక్కళ్లం నవ్వులపాలవ్వాలా?"

సబబుగానే తోచింది. గణపతిరావు కూచుని ముప్ఫైరెండు గళ్లలోనూ ముత్యాల్లాంటి అక్షరాలతో నిల్ రాసేడు. సిరా ఇంకా ఆరలేదు, రావికమతం నించి సన్యాసమ్మ అనే మనిషి వచ్చి నిలబడింది. చెరుకు కొట్టి కొట్టి చేతులనిండా గీతలు. ఆ చేతుల్లో అర్జీ ఉంది, బయట అరుగుమీద అర్జీలు రాసే పరదేశి చేత రాయించుకొచ్చింది.

"బంగార్రాజని ఒకడున్నాడు బాబూ. మా గుంటని కలకత్తాలో దొరలింట్లో పిల్లల్ని ఆడించే పనికి ఎడతానంటన్నాడు. దాని బాబు తాగేసి సరేనన్నాడు. మా అప్ప కూతుర్నీ ఇలాగే అట్టుకెళ్లేడు, రెండేళ్లయింది, సచ్చిందో బతికిందో తెల్దు. ఇయాల పన్నెండు గంటల బస్సుకి నా సిన్నమ్మిని అనకాపల్లి తీసుకుపోతన్నాడు, ఆడ రైలెక్కించేత్తాడంట. దాన్ని ఆపండి బాబూ. పదమూడేళ్ల గుంట."

అర్జీ చదివేడు కాబట్టి గణపతిరావు ఆవిడ మొహం చూసేడు. తరవాత గోడ గడియారం చూసేడు. పరుగున లోపలికి వెళ్లేడు.

"గుంట ఇంకా వెళ్లలేదు కదా," అన్నారు తహశీల్దారు గారు. "వెళ్లేక రమ్మను."

"వెళ్లేక మనమేం చేస్తాం సార్?"

"మనమేం చెయ్యక్కర్లేదు. బస్సు దిగేక అది అనకాపల్లి తాలూకా."

పదకొండు ముప్పావయింది. గణపతిరావు జన్మలో చెయ్యని పని చేసేడు. సెలవు చీటీ రాయకుండా, ఆ న్యూయార్కు కాగితాల కట్ట చంకన పెట్టుకుని, సన్యాసమ్మని వెంటబెట్టుకుని బస్సు దగ్గరికి పరిగెత్తేడు.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వెనక సీట్లో ముగ్గురు గుంటలు మూటలు వొళ్లో పెట్టుకుని కూచున్నారు. బంగార్రాజు కిళ్లీ నములుతూ కిందే నిలబడి ఉన్నాడు. పోలీసులంటే వాడికేం భయం? ఎస్సైకీ వాడికీ ఏనాటి స్నేహమో.

గణపతిరావు కట్ట విప్పి మొదటి పేజీ నించీ ఇంగ్లీషులో గట్టిగా చదవడం మొదలెట్టేడు. సగం ఆయనకే అర్థం కాలేదు. కండక్టరు దిగొచ్చేడు, జనం మూగేరు.

"ఎస్సై గారికి నేను తెలుసు బాబూ," అన్నాడు బంగార్రాజు.

"ఎస్సై ఏం చేస్తాడోయ్? ఇది అరవై దేశాల కాగితం. నీ పేరు ఈ గడిలో రాసేనంటే తిన్నగా న్యూయార్కు పోతుంది."

చోడవరం ఎస్సైని మంచి చేసుకోవడం వాడికి తెలుసు. అరవై దేశాల ఎస్సైలని ఎక్కడని మంచి చేసుకుంటాడు? కిళ్లీ ఉమ్మేసేడు.

"తీసుకుపొండి. దీనికింత గొడవేటి?"

సీట్లో ముగ్గురూ లేచి నిలబడ్డారు. గణపతిరావు అర్జీ తీసి, పేరు, వయసు, ఎడం బుగ్గమీద మచ్చ సరిచూసుకున్నాడు.

"చిన్నమ్మి ఒక్కర్తే. మిగతావాళ్లు కూచోండమ్మా," అన్నాడు మర్యాదగా.

చిన్నమ్మి దిగింది. తల్లి దాన్ని పట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చింది. బస్సు వెళ్లిపోయింది.

గణపతిరావు కాళ్లు నేలమీద లేవు. ఆఫీసుకొచ్చి సన్యాసమ్మ చేత గుంట అందినట్టు రసీదు మీద వేలిముద్ర వేయించి, వాంగ్మూలం మూడు కాపీలు రాసేసరికి మూడు గంటలయింది. తహశీల్దారు గారు తిట్టలేదు సరికదా, భుజం తట్టేరు.

"ఇంటర్నేషనల్ చట్టమంటే ఏమనుకున్నావు? గుంట వెళ్లలేదు, కాబట్టి మన నిల్లు నిఖార్సయిన నిల్లు. తే, సంతకం పెడతాను, టపా వేళయింది."

వరండాలో చిన్నమ్మి మంచినీళ్లు తాగి చెంబు కింద పెట్టింది.

"మిగతా ఇద్దర్నీ ఎప్పుడు దింపుతారు బాబూ?" అని అడిగింది.

"ఏ ఇద్దరు?"

"నా పక్కన కూకున్నోళ్లు. రోలుగుంటోళ్లు. వోళ్లకి అమ్మ లేదు. మీరు సదూతుంటే, మనల్నందర్నీ దింపేత్తారే అని ఆ సిన్నది నా సెయ్యట్టుకుంది."

గణపతిరావు గోడ గడియారం చూసేడు. కలకత్తా మెయిలు అనకాపల్లి దాటి గంటయింది. లోపలికి వెళ్లి, ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టేడు.

"ఇంకో ఇద్దరున్నారు సార్."

"అర్జీ ఉందా?"

"లేదు సార్."

"పేర్లు?"

"అడగలేదు సార్. లేచి నిలబడ్డారు. నేనే కూచోమన్నాను."

తహశీల్దారు గారు ఆయన చెయ్యి మెల్లిగా పక్కకి తీసి, నిల్ కింద సంతకం పెట్టేరు.