వెన్నుల సూది

గీ డ్రైవరుకు హారన్ మీద చెయ్యి పడితే లేవదు, ముంగట బండి లేదు బర్రె లేదు, ఖాళీ రోడ్డుకు ఎందుకు కొడ్తడో, పిల్ల ఇప్పుడిప్పుడే కన్ను మూసింది, నా తొడ మీద తలకాయ పెట్టి, ఆ తలకాయకు బరువే లేదు, వెంట్రుకలు పోతే గింత తేలికైతదా, ఉత్త గిన్నె పెట్టుకున్నట్టున్నది, నకిరేకల్ల ఎక్కిన ముసలామె సీతాఫలాల గంప కాళ్ళ సందున ఇరికిచ్చుకోని అప్పటిసంది దీని గుండునే చూస్తాంది, చూసీ చూసీ అడగనే అడిగింది, బిడ్డకు గుండు మంచిగ గీపిచ్చిన్రు సాయిబూ, ఏ దేవునికి మొక్కిన్రు, జాన్‌పాడు సైదులుకా అని, దవాఖాన దేవునికి అన్న కిటికీ దిక్కు తిరిగి, ఆ దేవుడు ఏడుంటడయ్యా నేనెన్నడు వినలే అన్నది, పట్నంల ఉంటడు, నాలుగంతస్తుల గుడి, లిఫ్టు నడవది, మెట్లెక్కాలె అన్న, ముసలామె నవ్వబోయి నా మొఖం చూసి ఆగింది, గంపలకెల్లి ఒక పండు తీసి పిల్ల ఒళ్ళె పెట్టింది, పైసలియ్యబోతే ఛీ పో అన్నది, నాకు గదీ కోపమే, ఈ ఏడాదిసంది ఎవ్వలు ఏమిచ్చినా కోపమే, ఇయ్యకున్నా కోపమే, అయ్యో పాపం అన్నోళ్ళ మీద కోపం, అననోళ్ళ మీద ఇంకింత, నా పెండ్లాం తాహేరా అంటది నీకు కడుపుల కుంపటున్నది, అన్నం తింటే గూడ మాడుతదని.

తాహేరా ఉంటే ఈ తిప్పలు లేకపోవు, ఆమె పట్టుకునేది, నాలుగుసార్లు వెన్నుల సూది వేసిన్రు నాలుగుసార్లు ఆమెనే పట్టుకున్నది, ఇప్పుడు పురిటి మంచంల ఉన్నది, చిల్లా నలబై దినాలు కాంది గడప దాటొద్దు, డాక్టరమ్మకు చిల్లా చెప్తే ఏం తెలుస్తది, తండ్రివి నువ్వున్నవు గదా కరీం, నువ్వు పట్టుకో అన్నది, ఆమె మంచిదే, నాకు సమజయ్యేటట్టు చెప్పింది, మా పిల్ల లాడ్లీకి రక్తంల క్యాన్సర్ ఉండె, గోలీలకు నరాల సూదులకు రక్తంలది చచ్చింది, గని ఆ జబ్బు దొంగది, తలకాయల వెన్నుల పోయి దాక్కుంటది, గోలీల మందు ఆడిదాంక పోదు, అందుకే నడుము బొక్కల సందుకెల్లి సూది పెట్టి మందు నేరుగ ఆడికే పంపాలె, పిల్ల పక్కకు పండుకోని మోకాళ్ళు కడుపులకు ముడుసుకోని గింత గూడ కదలకుండ ఉండాలె, దవాఖాన ఆయమ్మ పుష్పమ్మ మెడ దగ్గర పట్టుకుంటది, ఇంకొకలు మోకాళ్ళ దగ్గర పట్టుకోవాలె, అంతే పని, పోయిన బేస్తారం గంత చిన్న పని నాతోని కాలే, నా చెయ్యి మోకాళ్ళ మీద పడంగనే పిల్ల చేప ఎగిరినట్టు ఎగిరింది, సూది వంగింది, డాక్టరమ్మ సూది తీసేసి నొసలు తుడుసుకోని, ఇగ ఇయ్యాల కాదు, వచ్చే బేస్తారం తీస్కరా, కదిలితే నరానికి తాకుతది, వెయ్యకుంటే జబ్బు మళ్ళ మొలుస్తది, మొలిస్తే నా దగ్గర మందు లేదు అన్నది, పుష్పమ్మ బయటికొచ్చినంక మొఖం మీదనే అడిగింది, ఏందయ్యా పిల్ల నిన్ను జూసి గట్ల బెదురుతది, ఇంట్ల కొడ్తవా ఏంది, పిల్ల పుట్టినసంది ఒక్క దెబ్బ కొట్టలే అన్న, అది నిజమే, కొట్టలే, కొట్టుడు కాదు నేను చేసింది.

నాలుగో తరగతిల మా అబ్బ ఆజం సాబు నన్ను బడి మాన్పిచ్చిండు, పంతులు ఇంటిదాంక వచ్చి పిలగాడు లెక్కలల్ల మంచిగున్నడు అంటే, ఎద్దు కాలు కింద తాడు పట్టనీకె లెక్కలెందుకు పంతులూ అన్నడు, మాది నాడాలు కొట్టే ఇల్లు, తిరుమలగిరి అంగట్ల ఎద్దును తాడేసి పడగొట్టి నాలుగు కాళ్ళు దగ్గరికి కట్టి గిట్టలు చెక్కి నాడాలు కొట్టుడు, నాకు తెలిసింది ఒక్కటే, ఎంత కొమ్ముల ఎద్దునైన కదలకుండ పట్టుకునుడు, ఇప్పుడు ఊరూర ట్రాక్టర్లొచ్చె, ఎద్దులు పోయె, సదువూ లేదు ఎద్దూ లేదు, తాడొక్కటే మిగిలింది, అబ్బకు ఇంకో పేరుండె, వాతల సాబు, పిల్లలకు కడుపుల బల్ల పెరిగితే, ఎడమ పక్క డొక్క కింద పలక లెక్క గట్టిగైతే, చుట్టు ఇరవై ఊర్లోళ్ళు ఎత్తుకోని వచ్చేటోళ్ళు, నాడా మేకు ఎర్రగ కాల్చి మూడు వాతలు పెట్టేటోడు, పైస తీసుకోకపోతుండె, అబ్బ పోయినంక నేను, నేను గూడ తీసుకోలే, ఎందరికి తగ్గిందో ఎందరు పోయిన్రో ఎవ్వలు మళ్ళొచ్చి చెప్పలే, తగ్గినోళ్ళే అంగట్ల కనబడి దండం పెట్టేటోళ్ళు, తొంబై రెండుల వానకాలం లాడ్లీకి జరం పట్టింది, పిల్ల సున్నం గోడ లెక్క తెల్లగైంది, కాళ్ళ మీద నీలి మచ్చలు, కడుపు చూస్తే బల్ల, తాహేరా సూర్యాపేట పోదాం అని మూడు దినాలు ఏడ్చింది, నేనేమన్న, అందరి పిల్లలకు పెట్టే వాత నా పిల్లకు పెట్టకుంటే అంగట్ల నా మాటెవ్వలు నమ్ముతరు అన్న, గా మాట నాదే, ఎవ్వలు నేర్పలే, పిల్ల రెండు చేతులు నా ఒక్క చేతిల పట్టిన, మోకాళ్ళు నా మోకాలి కింద పెట్టిన, ఎద్దు కన్నా అల్కగ దొరికింది, నాలుగేండ్ల పిల్ల, అబ్బా అబ్బా అనుకుంట నన్నే పిలిచింది, నా చేతులకెల్లి తప్పియ్యమని నన్నే, మూడు వాతలు పెట్టిన, ఇగ తగ్గుతది ఇగ తగ్గుతదని నెల దినాలు ఇంట్ల పెట్టుకున్న, పట్నంల డాక్టరమ్మ మొదటి దినం గౌను లేపి చూసి, ఎవరు పెట్టిన్రు ఇవి అన్నది, ఊర్ల ఎవరో ముసలోడు అమ్మా అన్న, తాహేరా తల వంచుకున్నది, లాడ్లీ వంచలే, అది నన్నే చూసింది, నా ఒళ్ళె కూసుంటది, నా చేతి ముద్ద తింటది, గిట్ల నా తొడ మీద నిద్రపోతది, ఒక్క మోకాళ్ళు పట్టుకుంటేనే చేప ఎగిరినట్టు ఎగురుతది.

కట్టంగూర్ల బస్సు ఆగంగనే ఓ కరీమూ అని కేక, మా ఊరవతల ఈటూరు ఎల్లస్వామి మామ, తలకు రుమాలు చుట్టి, చేతిల చేసంచి, ముసలామె గంప దాటి వచ్చి నా పక్కన ఇరికి కూసున్నడు, నేనే నీ కాడికి రావాలనుకుంటున్నరా, అల్లా ఎదురు తెచ్చిండు, మీ దేవుడు మాకూ పనికొస్తడన్నట్టు అన్నడు, నవ్విండు, పండ్లు లేవు, కట్టంగూర్ల నా బిడ్డ ఈదమ్మ ఉంటది గదా, దాని కూతురికి జరం ఇడుస్తలేదు, కడుపు పలకైంది, ఆదివారం తీస్కొస్త, మూడు పెట్టు, మీ అయ్య నా కొడుక్కు పెడితే గుండ్రాయి లెక్క అయిండు, ఇప్పుడు నలుగురు పిల్లల తండ్రి అన్నడు, నేను పెట్ట మామా అన్న, ఎందుకు పెట్టవురా, ఏమన్న అడుగుతున్నవా ఏంది ఇప్పుడు, కోడి తెస్త తియ్యి అన్నడు, కోడి వద్దు, పెట్ట, దవాఖానకు తీస్కపో, రక్తం చూపియ్యి అన్న, ఓహో నువ్వు పట్నం తిరిగి దొరవైనవు, మీ అయ్య ఉంటే గీ మాట వినకపోవు అన్నడు, బస్సుల నలుగురు ఇటు తిరిగిన్రు, నాకు కడుపుల కుంపటి రాజుకుంటాంది, గీ ముసలోనికి నోటితోని చెప్తే తలకెక్కదు, కండ్లతోని చూడాలె అని పిల్ల గౌను అంచు పట్టుకోని లేపబోయిన, గౌను లేవలే, చిన్న చెయ్యి గౌనును గట్టిగ పట్టుకోనున్నది, లాడ్లీ నిద్రపోతలేదు, ఎప్పుడు లేచిందో, కండ్లు తెరిచి పడుకోని అంతా వింటాంది, నా చెయ్యి ఆన్నే ఆగింది, పిల్ల నేను నలుగురికి చూపిచ్చే బొమ్మ కాదు గదా, దాని కడుపు అది, వదిలిపెట్టిన, ఇగ నాకు నోరు తప్ప ఏం మిగల్లే, మామా నా బిడ్డకు ఇదే జరం ఇదే బల్ల వస్తే నేనే పెట్టిన వాత, ఊర్ల ముసలోడెవ్వడు కాదు, నేనే, అది బల్ల కాదు రక్తంల క్యాన్సర్, నెల దినాలు నా చేతుల పోయినయి, డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన, నేను తప్పు చేసిన అన్న, సీతాఫలాల ముసలామె కొంగు నోటికి పెట్టుకున్నది, ఎల్లస్వామి మామ జరసేపు రుమాలు విప్పి మళ్ళ చుట్టిండు, అందరికి క్యాన్సరే ఉంటదారా అన్నడు, ఉండదు, ఉన్నదో లేదో నా మేకుకు తెలుస్తదా అన్న, ఆయన నార్కట్‌పల్లిల దిగేటప్పుడు వెనక్కి తిరిగి, రక్తం యాడ చూస్తరు, నల్లగొండల చూస్తరా అన్నడు, చూస్తరు, పొద్దుగాల పోవాలె అన్న, తీస్కపోతడో, ఇంకో వాతల సాబును దేవులాడుకుంటడో, నాకు తెల్వది.

చిట్యాల దాటింది, చౌటుప్పల్ దాటింది, కిటికీల గాలి పిల్ల గుండు మీద కొడ్తాంది, రుమాలు కట్టబోతే వద్దన్నది, పట్నం పొగ కనబడ్డంక అడిగింది, అబ్బా ఆ తాత వాళ్ళ పిల్లకు పెట్టవా, పెట్ట, ఎవ్వలకు పెట్టవా, ఎవ్వలకు పెట్ట బిడ్డా, ఆ మేకు ఏడున్నది, ఇంట్లనే ఉన్నది, పారేస్త, ఊఁ అన్నది, అంతే, నేను ఇంకేమన్న అంటదేమో అని చూసిన, అబ్బా నువ్వు మంచోడివి అంటదేమో అని, సిగ్గులేని మనిషిని, ఐదేండ్ల పిల్ల నోటికెల్లి గా మాట కోసం ఎదురు చూసిన, అది కిటికీల లారీలు చూస్తాంది, ఎర్రయి ఎన్ని పచ్చయి ఎన్ని అని దాని లెక్క దానిది.

దవాఖానల బల్ల మీద తెల్ల దుప్పటి, డాక్టరమ్మ చేతులు కడుక్కుంటాంది, పుష్పమ్మ అమ్మా లాడ్లీ ఇటు తిరుగు మా బంగారం అంటాంది, పిల్ల పక్కకు పండుకున్నది గని మోకాళ్ళు సాపుకోనే ఉన్నది, నేను దగ్గరికి పోంగనే కండ్లు నా మొఖం మీద కాదు నా చేతుల మీదికి పోయినయి, చూపియ్యి అన్నది, ఏంది బిడ్డా, చేతులు చూపియ్యి, చూపిచ్చిన, తిప్పు, తిప్పిన, అరచేతులల్ల తాడు రాసిన కాయలు, అది ఒక్కొక్క వేలు సందుల చూసింది, ఇంకో చెయ్యి, అదీ చూపిచ్చిన, అంగీ జేబుల ఏమున్నది, బస్సు టికెట్లు తీసి దుప్పటి మీద పెట్టిన, పుష్పమ్మ ఏందే తల్లీ పోలీసోళ్ళ లెక్క సోదా చేస్తున్నవు అని నవ్వింది, డాక్టరమ్మ గూడ టైమైతాంది కరీం అన్నది, నాకు కోపం రావాలె, నలుగురి ముంగట కన్నబిడ్డ జేబులు తీపిస్తే ఎప్పటి కరీముకు కోపం రావాలె, రాలే, ఎందుకు రాలేదో అని నేనే లోపల దేవులాడుకున్న, కుంపటి ఉన్న జాగల బూడిద ఉన్నది చల్లగ, అమ్మా ఆ వాతలు నేనే పెట్టిన అన్న డాక్టరమ్మతోని, ఆమె నన్ను ఒకసారి చూసి, ముందు ఇది కానీ అన్నది, పిల్ల సోదా అయిపోయింది, మోకాళ్ళు అదే ముడుసుకున్నది, ఎవ్వలు ముడవలే, నేను చేతులు వాటి మీద పెట్టిన, పట్టుకోలే, ఉత్తగ పెట్టిన, ఎద్దును పట్టే పట్టు ఎట్లుంటదో నా చేతులకు తెలుసు, పట్టకుండ పెట్టుడు ఇయ్యాలనే మొదలు, సూది దిగినప్పుడు మోకాళ్ళు గజగజ వణికినయి నా చేతుల కింద, ఎగరలే, అది ఏడ్సింది, అమ్మీ అని ఏడ్సింది, అబ్బా అనలే, కండ్లు మాత్రం నా చేతుల మీదనే, రెప్ప కొట్టకుండ, ఇవి ఏమన్న చేస్తయేమో అని కాపలా, వెన్నుల నీళ్ళు బొట్టు బొట్టు సీసల పడ్డయి తేటగ, మందు పోయింది, అయిపోయింది అన్నది డాక్టరమ్మ, పుష్పమ్మ దూది పెట్టి వత్తింది, నేను చేతులు తియ్యలే, తియ్యి అని అది చెప్పేదాంక ఆగిన, అది నన్ను మాఫ్ చెయ్యలే, నమ్మలే గూడ, చూసుకున్నది, చూసుకోని పండుకున్నది, అంతే, ఇంకో ఏడాదిన్నర ఉన్నది మందు, వచ్చేసారి గూడ అడుగుతది, ఆ పై సారి గూడ అడుగుతది, తాహేరా చిల్లా దాటి వచ్చినా నేనే వస్త, అడగనీ, అడిగే హక్కు దానిది, చూపెట్టుడు నా పని, అది పెద్దదై ఇంత పొడుగు జడేసుకోని అడిగినా, ఎందుకని అడగ, రెండు చేతులు తిప్పి తిప్పి చూపిస్త.