లాస్యకు చదువొస్తదన్న మాట

బోధన్ అవతల చెరకు ఊళ్లలో గంగమణి అంత చురుగ్గా బీడీలు చుట్టే మనిషి లేదు. చెయ్యి అంత చురుకే గానీ అక్షరం ముక్క రాదు. బస్సు మీది ఊరిపేరు కూడా పక్కవాళ్లను అడిగి ఎక్కాల్సిందే. ఆ గతి బిడ్డకు పట్టొద్దని లాస్యను ఊళ్లోని చర్చి బడిలో వేసింది.

రెండు గదుల రేకుల బడి అది. నాలుగు తరగతులకూ శైలజ టీచర్ ఒక్కతే. గంగమణికి ఆమె మీద గురి ఊరికే కుదరలేదు. మొగుడు పోశయ్య పోయినప్పుడు మూడు రోజులు ఇంటికి అన్నం మోసుకొచ్చిన మనిషి. అక్కా అని పిలిస్తే పైపై పిలుపులా ఉండేది కాదు.

లాస్య ఇంటికొచ్చి పద్యాలు గడగడా చెప్పేది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని పాఠం మొత్తం చదివేది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చేతులాపి వినేవాళ్లు. "నా బిడ్డ కలెక్టరైతది సూడుండ్రి," అనేది గంగమణి.

నిరుడు జూన్‌లో, పిల్లలను సర్కారు బడిలో చేర్పించే బడిబాట అంటూ ఆ బడి భానుప్రసాద్ సారు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. "పిల్లను ఒక్కసారి సదివిపిచ్చి సూస్తనమ్మా," అన్నాడు.

"మీ బడిల పిల్లలు దొరుకుతలేరని మా పిల్లల మీద పడ్డవా సారూ?" అని గుమ్మంలోంచే పంపేసింది.

పంపింది గానీ మనసులో ముల్లు దిగింది. మర్నాడే బడికి పోయి, "టీచరమ్మా, నాకైతే తెల్వదు. నిజం చెప్పు. నా బిడ్డకు సదువొస్తుందా?" అని అడిగింది.

శైలజ లాస్య తల నిమిరింది. "గిసొంటి పిల్ల నా బడిల ఇంకోతి లేదక్కా."

ఆ మాటతో గంగమణి కడుపు నిండిపోయింది.

నాలుగో తరగతి చివర్లో గురుకులం పరీక్ష రాయించింది. పరీక్ష గది బయట చెట్టు కింద కూర్చుని మొక్కని దేవుడు లేడు. ఫలితం వచ్చింది. లాస్యకు సీటు రాలేదు సరికదా, మార్కులు మరీ అడుగున ఉన్నాయి. పొరపాటు జరిగిందనుకుంది గంగమణి. సిగ్గు చంపుకుని భానుప్రసాద్ సారు దగ్గరికే పోయింది.

సారు రెండో తరగతి వాచకం తీసి లాస్య ముందు పెట్టాడు. కాకి, కుండ బొమ్మ ఉన్న పాఠం. లాస్య చకచకా చెప్పుకుపోయింది. గంగమణి ముఖం వెలిగింది. సారు ఇంకో పేజీ తిప్పాడు. అందులో బొమ్మ లేదు, నాలుగు వరుసల అక్షరాలే ఉన్నాయి.

లాస్య నోరు మూతపడింది.

"ఇది ఏం అక్షరం బిడ్డా?" సారు మెల్లగా అడిగాడు. పిల్ల తల్లి వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి పరీక్షల ఏం రాసినవే?" అంది గంగమణి.

"జవాబు కాగితం మీది సుక్కలన్ని ఒక్క దిక్కే దిద్దిన," అంది లాస్య.

గంగమణి ఇంటికి పోలేదు. అట్నుంచి అటే బిడ్డ రెక్క పట్టుకుని చర్చి బడికి నడిచింది. పిల్లలు వెళ్లిపోయారు. శైలజ గదులు ఊడుస్తోంది. వాళ్లను చూడగానే చీపురు కింద పెట్టింది. విషయం చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది.

"నీకు ఎరికేనా?" అంది గంగమణి.

"ఎరికే అక్కా. రెండో తరగతిలనే ఎరికైంది. పాఠాలు ఇని ఒప్పజెప్తది గని అక్షరాలు గుర్తుపడ్తలేదు. నాలుగు తరగతులు నేనొక్కదాన్నే. పక్కకు కూసోబెట్టుకుని నేర్పియ్యాలనే అనుకున్న..."

"అది కాదు. నేనొచ్చి అడిగిన కదా. అప్పుడెందుకు చెప్పలే?"

శైలజ తల వంచుకుంది. "ఇరవై మంది కంటే తగ్గితే బడి మూసేస్తమన్నరు చర్చి పెద్దలు. అప్పటికి ఇరవై మందే ఉన్నరు. నిజం చెప్తే నువ్వు తీస్కపోతవని..."

"అంటే నా బిడ్డ నీకు ఇరవయ్యోదా?"

శైలజ ఏడ్చింది. గంగమణికి ఏడుపు రాలేదు. ఆమె తెచ్చిపెట్టిన అన్నం గుర్తొచ్చింది. అది అబద్ధం కాదు. ఇదీ అబద్ధం కాదు. రెండూ ఒక్క మనిషే చేసిందంటే ఎట్లా నమ్మాలో ఆమెకు తెలియలేదు.

దారిలో లాస్యను అడిగింది. "నువ్వన్నా నాకు చెప్పొద్దానే?"

"నువ్వు అందరికి చెప్తుంటివి కదనే అవ్వా, నా బిడ్డ మస్తు సదువుతదని," అంది పిల్ల.

గంగమణి చెరకు తోట గట్టు మీద కూలబడిపోయింది. బిడ్డను దగ్గరికి లాక్కుంది.

వారం తిరగకుండా లాస్యను సర్కారు బడికి మార్చింది. భానుప్రసాద్ సారు రోజూ గంటసేపు చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి అఆల నుంచి మొదలుపెట్టాడు. లాస్య మొదట సిగ్గుపడింది, తర్వాత అలవాటుపడింది.

ఒక సాయంత్రం శైలజ ఇంటికొచ్చింది. గంగమణి చాప వేసి, మంచినీళ్లిచ్చింది.

"అక్కా, రోజూ నేనొచ్చి నేర్పిస్త. తప్పు దిద్దుకోనియ్యి," అంది శైలజ.

గంగమణి చేతిలోని ఆకు చుట్టడం పూర్తి చేసి, చాటలో పెట్టింది.

"నేర్పిస్తవేమో టీచరమ్మా. గని సదువొచ్చిందని నువ్వు చెప్తే నేనెట్ల నమ్మాలె? నాకు సదువు రాదు కదా."